పడింది మూడడుగులు, నొప్పి మూడు వారాలు: సాగని స్లింగ్ మంచిదా, సాగే తాడు మంచిదా?

బండమీదబల్లి
పడింది మూడడుగులు. నొప్పి మూడు వారాలుగా ఉంది. అడుగుకో వారం చొప్పున తీరిపోతుందనుకున్నాను, తీరలేదు. కుడి తుంటి ఇంకా పట్టేసినట్టే ఉంది.

జరిగింది పెనుకొండలో, బండ ఎక్కుతుండగా. కోట వెనుక వైపు నున్నటి బండ ఉంది కదా, దాని పైఅంచున రాతిలోని రెండు బోల్టులకు యాంకర్, అంటే మమ్మల్ని పట్టి ఉంచే ఆధారం, కట్టుకున్నాము. నేను 60 సెంటీమీటర్ల డైనీమా స్లింగ్‌తో (డైనీమా అనే సాగని పీచుతో నేసిన పట్టీ ఉంగరం) దానికి తగిలించుకుని ఉన్నాను. కింద నుంచి మిత్రుడు తాడు చిక్కుపడిందని అరిచాడు. సర్దడానికి రెండు అడుగులు పైకి వేసి వంగాను. అప్పటికి నా నడుము బోల్టు కన్నా ఒక అడుగు ఎత్తులో ఉంది. ఇసుక మీద బూటు జారింది, అంతే. కేక వేసేంత సమయం కూడా లేదు. స్లింగ్ బిగుసుకున్నప్పుడు ఎవరో రోకలితో నడుము మీద మోదినట్టు అనిపించింది. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి.

విచిత్రం ఏమిటంటే, అంతకు ముందు నెలలో ఇదే బండ మీద ముందుండి ఎక్కుతూ పదిహేను అడుగులు పడ్డాను. ఏమీ కాలేదు, నవ్వుకుంటూ మళ్లీ ఎక్కాను. మాకు నేర్పిన శిక్షకుడిని అడిగితే "స్లింగ్ మీద 22 కిలోన్యూటన్లు అని రాసి ఉంది, అంటే రెండు టన్నులకు పైమాటే, అది తెగలేదు కదా, ఇక నీ బాధ ఏమిటి" అన్నాడు. తెగలేదు నిజమే. నాకే ఏదో తెగినట్టుంది. ఇంత గట్టి స్లింగ్ ఉంచుకోవాలా, పారేయాలా?

ఉగ్గాని_బజ్జీ
బల్లి జారి పడితే శకునం చూడాలి. కుడి తుంటి మీద పడితే ఫలం ఏమిటో పంచాంగంలో చూసి చెబుతాను, ఉండు.

ఓర్వకల్లు_రాళ్లు
శిక్షకుడు చెప్పిందే సరి. స్లింగ్ చేయాల్సిన పని తెగకుండా ఉండటం. నువ్వు యాంకర్ దాటి పైకి వెళ్లావు, అది నీ తప్పు, స్లింగ్‌ది కాదు. నేను ఏడేళ్లుగా ఓర్వకల్లులో, యాగంటి దగ్గర కొండల్లో డైనీమానే వాడుతున్నాను. సన్నగా ఉంటుంది, బరువు ఉండదు, వానలో నీళ్లు పీల్చదు. సాగే తాడు కట్టుకుని ఊయల ఊగాలనుకునేవాళ్లు తిరునాళ్లకు పోవచ్చు.

హంద్రీ_గట్టు
నేను కొత్త. ఒక సందేహం. పదిహేను అడుగులు పడితే ఏమీ కాలేదు, మూడడుగులకు నడుము పట్టేసిందా? ఎత్తు పెరిగితే దెబ్బ పెరగాలి కదా?

లెక్కల_మాస్టారు
హంద్రీ, ఇంటర్‌లో నా పిల్లలు కూడా ఇదే అడిగేవారు. పడే ఎత్తు ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. ఎంత దూరంలో ఆగుతారన్నది రెండో సగం. నూతిలో బిందె వదిలితే చేంతాడు ఆపే తీరు వేరు, గచ్చు ఆపే తీరు వేరు.

సూత్రాలు వద్దు, ఎక్కాలు చాలు. పడిన దూరానికి సాగిన దూరం కలిపి, దాన్ని మళ్లీ సాగిన దూరంతో భాగించండి. వచ్చిన అంకె, మీ బరువుకు ఎన్ని రెట్ల బలం సగటున మీ మీద పనిచేసిందో చెబుతుంది. బల్లి పడింది అడుగు పైకి, రెండడుగులు కిందికి, వెరసి మూడడుగులు, అంటే 90 సెంటీమీటర్లు. స్లింగ్ 4 సెంటీమీటర్లు సాగిందనుకుందాము, అదీ ఉదారంగానే. 94ను 4తో భాగిస్తే 23న్నర. మనిషి 70 కిలోలైతే 1,600 కిలోల పైచిలుకు.

అదే 60 సెంటీమీటర్ల ముక్క ఎక్కే తాడుది అయి, 18 సెంటీమీటర్లు సాగిందనుకోండి. 108ని 18తో భాగిస్తే 6. అంటే 420 కిలోలు. ఇది సగటు మాత్రమే. స్ప్రింగ్ లాగా సాగే వస్తువులో చివరి క్షణపు గరిష్ఠ బలం దీనికి సుమారు రెట్టింపు ఉంటుంది.

ఇక పదిహేను అడుగుల సంగతి. అప్పుడు మీకూ, కింద తాడు పట్టుకున్నవాడికీ మధ్య ఎంత తాడు ఉంది బల్లీ?

బండమీదబల్లి
నలభై అడుగులు ఉండవచ్చు మాస్టారు.

లెక్కల_మాస్టారు
అదే సమాధానం. పడిన దూరాన్ని, ఆపడానికి ఉన్న తాడు పొడవుతో భాగించాలి. దాన్నే ఫాల్ ఫ్యాక్టర్ అంటారు. 15ను 40తో భాగిస్తే ఒకటిలో సగం కూడా లేదు. మొన్నటిది 90ని 60తో భాగిస్తే ఒకటిన్నర. ఎక్కే తాడులో పని చేసే పీచు నలభై అడుగుల మేర ఉంది, అదంతా తలా కొంచెం సాగి దెబ్బను పంచుకుంది. స్లింగ్‌లో ఉన్నది రెండడుగులే, అదీ సాగనిది. మామూలుగా ఎక్కేటప్పుడు రెండు దాటిన ఫాల్ ఫ్యాక్టర్ రాదు. మీరు ఒకటిన్నర దాకా వెళ్లి వచ్చారు.

ఓర్వకల్లు_రాళ్లు
మాస్టారు, మీ లెక్కలోనే తిరకాసు ఉంది. సగటు 1,600 కిలోలు, గరిష్ఠం దానికి రెట్టింపు అన్నారు. అంటే 32 కిలోన్యూటన్లు. స్లింగ్ మీద రాసి ఉన్నది 22. అయితే అది తెగిపోయి ఉండాలి కదా. తెగలేదు. కాబట్టి మీ అంకె తప్పు.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న, ఒప్పుకుంటాను. నా లెక్క ఇనుప దిమ్మెకు. మనిషి దిమ్మె కాడు. నడుముకూ తొడలకూ తొడిగే హార్నెస్ పట్టీ కొంత లాగుకుంటుంది, తొడ కండ కొంత నలుగుతుంది, వెన్ను వంగుతుంది, పైగా అది ఏటవాలు బండ, రాపిడిలో కొంత పోయింది. ఆగిన దూరం 4 సెంటీమీటర్ల కన్నా ఎక్కువే అయి ఉంటుంది, కాబట్టి అసలు బలం నేను చెప్పిన దానికన్నా బాగా తక్కువ. కానీ ఆ అదనపు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించండి. స్లింగ్ సాగలేదు కనుక బల్లి నడుము సాగింది.

ఉగ్గాని_బజ్జీ
పంచాంగం చూడనవసరం లేదు, మాస్టారు ఫలం చెప్పేశారు.

గాలిమర_ఉద్యోగి
ఉరవకొండ వైపు గాలిమరల మీద పని చేస్తాను. 80 మీటర్ల పైన బతుకు కనుక ఈ మాట నాకు తెలిసిందే. మమ్మల్ని టవరుకు తగిలించే లాన్యార్డ్‌లో తాడు సాగదు, కానీ దాని మొదట్లో ఒక చిన్న సంచి ఉంటుంది. లోపల పట్టీని మడతలు పెట్టి కుట్టి ఉంచుతారు. మనిషి పడితే ఆ కుట్లు పటపటా తెగుతూ పట్టీ విప్పుకుంటుంది. ఒక్కో కుట్టూ తెగేటప్పుడు కొంత వేగాన్ని తింటుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం అది ఉన్నప్పుడు బలం 6 కిలోన్యూటన్లు దాటకూడదు. అదీ ఒంటినిండా తొడిగే హార్నెస్‌కు. ఇక్కడ ఓర్వకల్లు అన్న 22 తట్టుకుంటుంది అంటున్నారు. స్లింగ్ తట్టుకుంటుంది అన్నా, మనిషి తట్టుకోవాలి కదా.

మాకు శిక్షణలో మొదటి మాట ఇదే: ఆ సంచి లేని ఉత్త లాన్యార్డ్‌ను పడిపోయే చోట వాడవద్దు. చోటు మారకుండా బిగువుగా ఆనుకుని పని చేయడానికి మాత్రమే అది.

పెన్నా_ఒడ్డు
గాలిమర తమ్ముడు ముఖ్యమైన మాట చివర్లో పెట్టాడు. ఆనుకోవడానికి ఒకటి, పడితే ఆపడానికి ఒకటి. కొండల మీద మనం రెండింటికీ ఒకే స్లింగ్ వాడేస్తున్నాము. బరువు దాని మీద వేసి, కిందికి వేలాడుతూ, వదులు లేకుండా ఉంటే డైనీమాకు ఏ దోషమూ లేదు. ఎందుకంటే అక్కడ పడటమే ఉండదు. వదులు వచ్చిన క్షణం నుంచి అది వేరే వస్తువు.

గండికోట లోయ అంచున ఎన్నిసార్లు చూశానో. యాంకర్ దగ్గర నిలుచుని ఫోటో తీసుకోవడానికి ఒక అడుగు పైకి ఎక్కుతారు. స్లింగ్ మోకాళ్ల దగ్గర దండలా వేలాడుతుంటుంది. కింద పెన్నా. పక్కన నేను, గుండె నోట్లో పెట్టుకుని.

ఈతచెట్టు
ఇది మా ఇంటి విద్య కాబట్టి ఒక మాట. మా తాత ఈతచెట్లు గీసేవాడు, ధర్మవరం దగ్గర పల్లెలో. మోకు చెట్టు చుట్టూ తిప్పి, నడుముకు తగిలించి, వెనక్కి వాలి రెండు చేతులూ వదిలేసి కత్తి పట్టేవాడు. ఆ మోకు సాగదు, సాగితే పనికిరాదు కూడా. కానీ పైకి జరిపే ఆ ఒక్క క్షణం తప్ప అది ఎప్పుడూ బిగువుగానే ఉండేది. నా చిన్నప్పుడు నేను నడుముకు వదులుగా కట్టుకుని ఆడుతుంటే వీపు మీద ఒక్కటి వేశాడు. "వదులు మోకు యముడి పాశం రా" అన్నాడు. ఫాల్ ఫ్యాక్టర్ అనే మాట ఆయన వినలేదు, కానీ ఒకటిన్నర దాకా మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు.

హంద్రీ_గట్టు
తాత మాట నా హెల్మెట్ మీద రాయించుకుంటాను.

ఓర్వకల్లు_రాళ్లు
సరే, వదులు ఉండకూడదు, ఒప్పుకున్నాను. కానీ సాగే తాడుకూ ఒక ధర ఉంది, అది ఎవరూ చెప్పడం లేదు. సాగిందంటే ఎక్కువ దూరం కిందికి పోయావని అర్థం. కింద అరుగు లాంటి రాయి ఉంటే? ఓర్వకల్లులో అడుగడుగునా కత్తుల్లాంటి అంచులే. గాలిమర అన్న చెప్పే కుట్ల సంచి ఎంత విప్పుకుంటుందో అడగండి.

గాలిమర_ఉద్యోగి
న్యాయమైన మాటే. 1.75 మీటర్ల దాకా విప్పుకోవచ్చని అదే ప్రమాణం చెబుతుంది. రెండు మీటర్ల లాన్యార్డ్ మీద పడి, అది విప్పుకుని, కింద కాళ్లకు ఇంకా చోటు మిగలాలి. వెరసి ఆరేడు మీటర్ల ఖాళీ కావాలి. అందుకే నిచ్చెన మొదట్లో, మూడు మీటర్ల ఎత్తులో, అది ఉన్నా లేనట్టే.

పెన్నా_ఒడ్డు
అది పరిశ్రమల లాన్యార్డ్ సంగతి. మనం మాట్లాడుతున్నది రెండడుగుల తాడు ముక్క గురించి. మాస్టారు లెక్కలో సాగింది 18 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. జానెడు కింద నిన్ను ముక్కలు చేసే రాయి ఉన్న చోట యాంకర్ పెట్టుకుంటే తప్పు తాడుది కాదు ఓర్వకల్లూ.

ముప్పై మీటర్ల తాడు మీద, పైనుంచి కట్టి ఎక్కేటప్పుడు మాత్రం నువ్వు చెప్పింది నిజం. కొత్తవాళ్లు నేల నుంచి మొదటి రెండు మీటర్లలో పడితే, తాడు సాగి నేల మీదికే వస్తారు.

కడపబండ
మా వాళ్లు జమ్మలమడుగు, కొలిమిగుండ్ల వైపు బండల గనుల్లో తరతరాలుగా పని చేశారు. తాడును నేరుగా నడుముకు కట్టుకుని అంచు మీద గునపం వేసేవారు. అది కొబ్బరి పీచు తాడు, తర్వాత బజారులో దొరికే నైలాన్ తాడు. మా చిన్నాన్న ఒకసారి ఆరడుగులు పడ్డాడు. తాడు తెగలేదు. పక్కటెముకలు రెండు విరిగాయి. "తాడు దేవుడిలా కాపాడింది" అన్నారు అందరూ. ఆయన మాత్రం బతికినంత కాలం దగ్గినప్పుడల్లా ఆ దేవుడిని తిట్టుకున్నాడు. గట్టి తాడు అంటే మంచి తాడు అనే భ్రమ మన ఊళ్లలో ఇంకా పోలేదు.

గుహల_పిచ్చి
గుహల్లో దిగేవాళ్లం దీనికి సగం సగం జవాబు ఎప్పుడో కనిపెట్టుకున్నాము. దిగే పొడవాటి తాడు సాగనిది. వందడుగుల చీకట్లో పైకి ఎక్కేటప్పుడు అది రబ్బరులా ఊగితే ఒళ్లు హూనం, అంచున రాసుకుని పైపొర కూడా పోతుంది. ప్రమాణాలలో కూడా దానికి వేరే లెక్క ఉంది, 50 కిలోల నుంచి 150 కిలోలకు బరువు పెంచితే 5 శాతానికి మించి సాగకూడదు. కానీ నడుము నుంచి యాంకర్‌కు తగిలించుకునే పొట్టి ముక్క మాత్రం సాగే తాడే. దాని పేరు ఏమిటో తెలుసా? ఆవు తోక. తమాషా కాదు, ఇంగ్లీషులో గుహల వాళ్లు వాడే పేరే అది.

ఉగ్గాని_బజ్జీ
వైతరణి దాటడానికి మన పెద్దలు ఆవు తోకే పట్టుకోమన్నారు. డైనీమా పట్టుకోమని గరుడ పురాణంలో ఎక్కడా లేదు.

గుహల_పిచ్చి
బెలుం వెళ్లినప్పుడు నీకు ఒక తోక కట్టి వదులుతాను.

బండమీదబల్లి
ఒక్క నిమిషం. నేను మొన్న ఒక దుకాణంలో రబ్బరులా సాగే లాన్యార్డ్ చూశాను. ముడతలు ముడతలుగా ఉంది, లాగితే రెట్టింపు పొడవు వస్తుంది. అది కొంటే సరిపోతుందా?

గాలిమర_ఉద్యోగి
వద్దు! ఆ రబ్బరు కాళ్లకు అడ్డం పడకుండా పట్టీని ముడుచుకోవడానికి మాత్రమే. లోపల ఉన్నది మామూలు పట్టీ. రబ్బరు మొత్తం సాగిన తర్వాతే పట్టీ బిగుసుకుంటుంది, అప్పుడు పడే దెబ్బ నీకు పడిన దెబ్బలాంటిదే. చేతితో లాగితే సాగేది వేరు, మనిషి పడితే సాగేది వేరు. కొన్నింటికి కుట్ల సంచి కూడా ఉంటుంది. అది ఉందో లేదో చూసుకోవాలి.

పెన్నా_ఒడ్డు
అవును, ఈ పొరపాటు నేనూ చేశాను. ఎక్కే తాడును చేతితో లాగితే ఇంత కూడా కదలదు. అందుకే కొత్తవాళ్లు "ఇదేమి సాగే తాడు" అంటారు. లోపల నైలాన్ పోగులు మెలితిప్పి కట్టలుగా ఉంటాయి, పైన తొడుగు. మనిషి బరువు వేలాడితే 10 శాతం లోపే సాగుతుంది. గట్టిగా పడినప్పుడే 30 శాతం దాకా పోతుంది, 40 దాటకూడదు. ఒక్కటిగానే వాడే తాడును 80 కిలోల బరువుతో, సుమారు ఒకటీ ముప్పాతిక ఫాల్ ఫ్యాక్టర్‌తో పడేసి చూస్తారు. మొదటిసారి పడేసినప్పుడు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. అలా కనీసం ఐదుసార్లు తట్టుకోవాలి.

హంద్రీ_గట్టు
మరి నైలాన్ స్లింగ్ ఉంటుంది కదా, వెడల్పుగా, డైనీమా కన్నా మందంగా? అది సాగుతుంది అన్నారు మాకు.

లెక్కల_మాస్టారు
సాగుతుంది, డైనీమా కన్నా చాలా నయం. డైనీమా పీచు తెగేలోపు నూటికి మూడో నాలుగో పాళ్లు సాగుతుంది, నైలాన్ అంతకు కొన్ని రెట్లు. కానీ నేసిన పట్టీ, మెలితిప్పిన తాడు ఒకటి కావు. డైనీమా కన్నా నైలాన్ స్లింగ్ నయం, నైలాన్ స్లింగ్ కన్నా తాడు ముక్క నయం. వదులు లేకపోవడం వీటన్నిటి కన్నా నయం.

ఓర్వకల్లు_రాళ్లు
మీరందరూ కలిసి నన్ను యాగంటి నందిలా ఒక మూలకు నెట్టేస్తున్నారు. కొలత సరిచేసుకోవడానికి నేను స్లింగ్‌లో ముడులు వేసుకుంటాను. ముడి బిగుసుకుంటే దెబ్బ కొంత తగ్గుతుంది కదా?

పెన్నా_ఒడ్డు
అయ్యో! తాడులో అయితే తగ్గుతుంది. డైనీమాలో ముడి అంటే సగం బలం పోయినట్టే. ఆ పీచు జారుడు, వేడి తట్టుకోదు. 145 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, నైలాన్‌కు 200 దాటాలి. ముడి బిగుసుకునేటప్పుడు పీచు పీచును కోసుకుంటుంది. బ్రిటన్‌లో పరికరాలు చేసే డీఎంఎం వాళ్లు 80 కిలోల దిమ్మెను ఇలాంటి స్లింగ్‌ల మీద వదిలి చూశారు. ముడి వేసిన డైనీమా, యాంకర్‌తో సమానమైన ఎత్తు నుంచి పడితేనే తెగింది. అంటే ఫ్యాక్టర్ ఒకటి. బల్లి పడింది ఒకటిన్నర.

బల్లీ, నీ స్లింగ్‌లో ముడి ఉందా?

బండమీదబల్లి
లేదు. ఆ రోజు వేద్దామనుకుని బద్ధకించాను.

ఈతచెట్టు
ఆ బద్ధకానికి పెనుకొండలో కొబ్బరికాయ కొట్టు.

ఓర్వకల్లు_రాళ్లు
ముడుల సంగతి నాకు తెలియదు. రాత్రికి ఇంట్లో ఉన్నవన్నీ విప్పుతాను. దిమ్మె కాదు మనిషి అని మాస్టారు అన్నారు కనుక కొంత వెసులుబాటు ఉందని నా నమ్మకం. అయినా విప్పుతాను.

కడపబండ
డైసీ చెయిన్, అంటే వరుసగా గడులు కుట్టిన పట్టీ గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా జట్టులో ఇద్దరు అదే వాడుతున్నారు, పొడవు తగ్గించడానికి రెండు గడులలో ఒకే క్యారబైనర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) వేస్తారు.

గుహల_పిచ్చి
వెంటనే ఆపమను. పాత తరహా డైసీలో గడుల మధ్య కుట్టు రెండు మూడు కిలోన్యూటన్లు మాత్రమే ఆపుతుంది, చెయిన్ మొత్తం బలం వేరు. ఒకే క్యారబైనర్ రెండు గడులలో ఉన్నప్పుడు ఆ కుట్లు తెగితే, క్యారబైనర్ దేనికీ తగులుకోకుండా బయటికి వచ్చేస్తుంది. తెగిన శబ్దం వినిపిస్తుంది, ఆ తర్వాత గాలి శబ్దం. ప్రతి గడీ విడిగా పూర్తి బలంతో ఉండే గొలుసు తరహావి వచ్చాయి, వాటికి ఈ దోషం లేదు. కానీ వాటిలోనూ చాలావరకు సాగవు.

పెన్నా_ఒడ్డు
ఇంకొకటి. క్యారబైనర్ నిలువునా 20 కిలోన్యూటన్ల పైన ఆపుతుంది. అడ్డంగా తిరిగితే 7 ఆపితే చాలని ప్రమాణం. వదులుగా వేలాడే స్లింగ్‌లో అది అడ్డం తిరగడం మామూలే. వదులు వల్ల దెబ్బ పెరుగుతుంది, అదే వదులు వల్ల క్యారబైనర్ బలహీనమైన వైపు తిరుగుతుంది.

స్లింగ్‌ను హార్నెస్ ముందరి బిలే లూప్‌కు (పరికరాలు తగిలించే పట్టీ ఉంగరం) శాశ్వతంగా బిగించి వదిలేయడం కూడా మానండి. అదే చోట రోజూ రాసుకుంటుంది. అమెరికాలో టాడ్ స్కిన్నర్ అంతటి కొండలెక్కేవాడు 2006 అక్టోబరులో యోసెమిటీలో చనిపోయింది, అరిగిపోయిన బిలే లూప్ తెగి. కొత్తగా ఉన్నప్పుడు అది 15 కిలోన్యూటన్లు ఆపగలది.

గాలిమర_ఉద్యోగి
అరుగుదల మాట వచ్చింది కనుక, మన అనంతపురం ఎండ కూడా లెక్కలోకి తీసుకోండి. మా దగ్గర టవరు కింద బయట వదిలేసిన పట్టీలు ఒక్క వేసవికే రంగు వెలిసి గరుకుగా అవుతాయి. అలాంటివి కత్తిరించి పారేస్తాము. ఎవరూ మళ్లీ వాడకుండా ముక్కలు చేసి మరీ.

ఉగ్గాని_బజ్జీ
మా ఇంట్లో అలాంటి ముక్కతో బర్రెను కట్టేశారు. బర్రె ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

బండమీదబల్లి
సరే, పాత తాడు ఒకటి మా జట్టు దగ్గర ఉంది. ఎక్కడానికి పనికిరాదని పక్కన పెట్టాము. దాన్నుంచి రెండు మీటర్లు కోసుకుని ఆవు తోక కట్టుకుంటే?

ఓర్వకల్లు_రాళ్లు
ఈసారి మాస్టారు కన్నా ముందు నేను చెబుతాను. ఎందుకు పక్కన పెట్టారు?

బండమీదబల్లి
బాగా పడ్డాము దాని మీద. గట్టిపడింది, వంచితే కర్రలా ఉంది.

ఓర్వకల్లు_రాళ్లు
అయితే వద్దు. సాగే గుణమే పోయిన తాడును సాగడం కోసం కట్టుకుంటావా? ఎండిపోయిన ఆవు నుంచి పాలు పిండినట్టు. కొత్త తాడు మీటర్ల లెక్కన బెంగళూరులో దొరుకుతుంది, పెనుకొండ నుంచి రైలెక్కితే అదే రోజు తిరిగి రావచ్చు.

లెక్కల_మాస్టారు
ఓర్వకల్లు మన వైపు వచ్చినట్టున్నాడు.

ఓర్వకల్లు_రాళ్లు
రాలేదు. పాత తాడు వద్దన్నాను, అంతే. డైనీమా నా జేబులోనే ఉంటుంది. రాతికి చుట్టడానికి, యాంకర్ కలపడానికి దానికి సాటి లేదు.

పెన్నా_ఒడ్డు
దానికి ఎవరూ కాదనలేదు. యాంకర్‌లో స్లింగ్ ఉండొచ్చు, నీకూ యాంకర్‌కూ మధ్య మాత్రం తాడు ఉండాలి. బల్లీ, బెంగళూరు కూడా పోనవసరం లేదు. నువ్వు ఎక్కి వచ్చిన తాడు నీ నడుముకు కట్టే ఉంది కదా? దాన్నే యాంకర్ క్యారబైనర్‌కు క్లోవ్ హిచ్ వేసుకో. గుంజకు మేకను కట్టే ముడి లాంటిదే. పొడవు క్షణంలో సరిచేసుకోవచ్చు, విప్పకుండానే బిగించవచ్చు. పైకి అడుగు వేయాల్సి వస్తే తాడును కొంచెం వదులు చెయ్యి, వెనక్కి రాగానే మళ్లీ బిగించు. అదనంగా కొనాల్సింది ఏమీ లేదు. కిందికి దిగేటప్పుడు తాడు విప్పుకోవాలి కనుక అప్పుడు మాత్రం విడి ఆవు తోక కావాలి.

హంద్రీ_గట్టు
ఇంత చర్చ తర్వాత జవాబు మేక ముడా!

బండమీదబల్లి
పది రోజుల తర్వాత వస్తున్నాను, చెప్పాల్సింది ఉంది.

మొదట, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎముక బాగానే ఉంది, కండరం పట్టేసింది, ఆరు వారాలు బరువు ఎత్తవద్దన్నారు. ఎలా పడ్డావని అడిగితే మూడడుగులు అని చెప్పాను. నమ్మలేదు. కారు గుద్దిందా అని రెండుసార్లు అడిగారు.

రెండోది, నాకు మనసు ఊరుకోలేదు. మా మామయ్య తోటలో పెద్ద చింతచెట్టు ఉంది. ఎరువుల సంచులు రెండు ఒకదానిలో ఒకటి దూర్చి 50 కిలోల ఇసుక నింపాము. పాత హార్నెస్ తొడిగాము. కొమ్మకు ఒకసారి నా డైనీమా, ఒకసారి కొత్త తాడు ముక్క, రెండూ రెండడుగులవే. సంచిని కొమ్మకు అడుగు పైన పట్టుకునే ఏర్పాటు చేసి, దూరం నుంచి తాడు లాగి వదిలాము. దగ్గర ఎవరినీ నిలబడనివ్వలేదు, మామయ్య కుక్కను కూడా కట్టేశాడు.

తాడు ముక్క మీద సంచి పడి, ఒకసారి ఎగిరి, ఊగుతూ ఆగింది. కొమ్మ కదిలింది, ఆకులు రాలాయి. ముడిని విప్పడానికి మాత్రం పావుగంట పట్టింది, అంత బిగుసుకుంది. డైనీమా మీద వదిలినప్పుడు శబ్దమే వేరు. టపాసు పేలినట్టు. స్లింగ్ చెక్కుచెదరలేదు. హార్నెస్ పట్టీ దగ్గర లోపలి సంచి, బయటి సంచి రెండూ చిరిగి ఇసుక కారిపోయింది. కొమ్మ బెరడు ఊడివచ్చింది. మామయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ సంచి నువ్వా?" అన్నాడు.

నేనే మామయ్యా అన్నాను.

ఈతచెట్టు
మీ మామయ్య మా తాతకు దూరపు చుట్టమై ఉంటాడు.

లెక్కల_మాస్టారు
ఆ కొమ్మ కూడా కొంత మింగింది, బోల్టు అది కూడా చేయదు. పరీక్షలో వాడిన స్లింగ్‌నూ, తాడు ముక్కనూ, హార్నెస్‌నూ కోసి పారేశారా?

బండమీదబల్లి
కోశాను మాస్టారు. తాడు ముక్కను మామయ్య అడిగి తీసుకున్నాడు. దూడకట.

ఓర్వకల్లు_రాళ్లు
చింతచెట్టు పరీక్షను నేను ఒప్పుకోను, కొలత పరికరం లేదు. కానీ వచ్చే ఆదివారం ఓర్వకల్లుకు వచ్చేవాళ్లలో ఎవరి దగ్గరైనా మూడు మీటర్ల కొత్త తాడు మిగిలి ఉంటే నాకు తెండి. డబ్బులు ఇస్తాను.

పెన్నా_ఒడ్డు
తెస్తాను. ఉదయం ఆరింటికే మొదలుపెడదాము, పదింటికి బండ కాలుతుంది. బల్లి కిందే కూర్చుని తాడు లెక్క చూసుకుంటాడు, ఆరు వారాలు అయ్యేదాకా పైకి రానివ్వను.

ఉగ్గాని_బజ్జీ
నా పేరుకు తగ్గట్టు పదిమందికి పొట్లాలు నేను తెస్తాను. మిరపకాయ బజ్జీ ఒక్కొక్కరికి రెండే. మూడోది అడిగేవాళ్లు నడుముకు సాగే పట్టీ పెట్టుకుని రావాలి.